సెల్ఫ్ మొరాయిస్తే...

సోదరీమణులారా, స్కూటరు సెల్ఫ్ అందుకోకపోతే వెంటనే కొత్త బ్యాటరీ కొనెయ్యకండి. ముందు హారన్ కొట్టండి. హారన్ నీరసంగా మూలిగి, సెల్ఫ్ 'టక్‌టక్'మని ఊరుకుంటే 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయిందన్నమాట. లేదా టెర్మినళ్లు వదులై, చిలుం పట్టి ఉండొచ్చు. వాటిని శుభ్రం చేయించి, బిగించి చూడాలి.

హారన్ గట్టిగా మోగినా సెల్ఫ్ ఉలకదు పలకదంటే, రెండో బ్రేకు పట్టి నొక్కండి. అప్పుడు అందుకుంటే మొదటి బ్రేకు స్విచ్చి చెడినట్టే. కొన్ని బళ్లకు సైడు స్టాండు కూడా ఎత్తాలి.

హారనూ, సెల్ఫూ రెండూ మూగబోతే ఫ్యూజు చూడాలి. దాని బదులు తీగముక్క మాత్రం పెట్టనివ్వకండమ్మా, వైర్లు కాలిపోతాయి.

మోటారు గిర్రున తిరిగినా ఇంజను అందుకోకపోతే? పెట్రోలు, స్పార్కు ప్లగ్గు చూపించండి. ఇంతవరకు తెలిసి చెబితే ఏ మెకానిక్కూ అనవసరంగా బ్యాటరీ అంటగట్టలేడు.