ఆ మాట ఎవరి నోట? ఎవరి మీద?

ద్రాక్షారామంలో, భీమేశ్వరుడి గుడి వీధిలో, టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్ళు చేరారనుకోండి. అప్పుడే సినిమా చూసి వచ్చారు. ముగ్గురు కమెడియన్ డైలాగుని మళ్ళీ మళ్ళీ చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు. నాలుగోవాడు మాత్రం టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నాడు. ఎందుకంటారా? ఆ డైలాగులో తిట్టుగా వాడింది వాడి కులం పేరు! హాల్లో వాడూ నవ్వాడు. నవ్వకపోతే పక్కవాళ్ళు చూస్తారు కదా మరి!

"ఊళ్ళో అలాగే మాట్లాడతారు కదరా! రాసినవాడి తప్పేముంది?" అంటాడు ముగ్గుర్లో ఒకడు.

ఇక్కడే ఉంది చిక్కంతా. గోదావరి పల్లె కథ రాసేవాడు గోదావరి మాటే రాయాలి. ఆ మాటలో వెటకారముంటుంది, ఆప్యాయత ఉంటుంది, కులం పేరెట్టి కొట్టే దెబ్బా ఉంటుంది. భూస్వామి తన పాలేరుని "దయచేసి ఇలా రండి" అని పిలిచినట్టు రాస్తే అది సంస్కారం కాదు, పచ్చి అబద్ధం. అలాగని నిజం పేరు చెప్పి ఏ మాటైనా రాసెయ్యొచ్చా?

కాస్త వెనక్కి వెళదాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం సినిమా తీసి, దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? 'మాలపిల్ల'! కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, కథానాయిక కాంచనమాల. నలుగురిలో ఈసడింపుగా పలికే మాటని తెచ్చి, అందాల తార పేరు పక్కన, గోడ మీద పోస్టరుగా అంటించారన్నమాట. చివరికి మారాల్సి వచ్చింది గుడి తలుపులు మూసిన శాస్త్రిగారే కాని, ఆ పిల్ల కాదు.

గౌతమి దాటితే కోనసీమ. అక్కడి మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' పేరుతో నాటకం రాశారు. పాలేరు చదువుకుని పైకొచ్చే కథ అది. ఆ బతుకుని దగ్గర నుంచి చూసిన మనిషి రాశాడు కనకే, చులకనగా పిలిచే ఆ పిలుపు నాటకానికి తలకట్టు అయింది. ఆయన 'గుడిసెలు కాలిపోతున్నై' కావ్యానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది.

ఈ తగువు మన ఒక్కరిదే కాదండోయ్! అమెరికాలో మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్' నవలలో నల్లవారిని కించపరిచే మాట రెండొందలకు పైగా చోట్ల ఉంది. 2011లో ఒక ప్రచురణ సంస్థ దాన్ని తీసేసి 'బానిస' అని అచ్చేసింది. పిల్లలు నొచ్చుకోకుండా చదువుకోవచ్చని కొందరు సంతోషించారు. ఆనాటి పాపాన్ని కడిగి దాచేశారని మరికొందరు మండిపడ్డారు.

మన దగ్గర 2019లో 'వాల్మీకి' సినిమాకి విడుదల ముందురోజు పేరు మారింది. రౌడీ కథకి ఆ పేరేమిటని బోయ సోదరులు అభ్యంతరం చెప్పడంతో అది 'గద్దలకొండ గణేష్' అయింది. ఏ వర్గాన్నీ చులకన చేసే మాటలు ఉండకూడదని 1991 నాటి సెన్సారు మార్గదర్శకాల్లోనే ఉంది. నలుగురి ముందు కులం పేరుతో దళితుణ్ణి, గిరిజనుణ్ణి అవమానిస్తే శిక్ష వేసే చట్టం 1989లోనే వచ్చింది.

కాని కత్తెరకీ చట్టానికీ తెలియని సంగతొకటుంది. ఒకే మాట ఒక సీన్లో తిట్టినవాడి నీచత్వాన్ని బయటపెడుతుంది, ఇంకో సీన్లో తిట్టు తిన్నవాణ్ణి నవ్వులపాలు చేస్తుంది. మాట పడ్డాక కెమేరా ఎవరి మొహం మీద ఆగింది? తిట్టు తిన్నవాడి మొహం మీదా, తిట్టి మీసం దువ్వుతున్నవాడి మీదా? రాసినవాడి మనసు అక్కడ పట్టుబడుతుంది!

ఈసారి సినిమాకెళ్ళినప్పుడు అలాంటి డైలాగొస్తే, నవ్వే ముందు ఒక్కసారి పక్క సీటుకేసి చూడండి. మీ నాలుగో స్నేహితుడు అక్కడే కూచుని ఉంటాడు.