ఇంటి సామాను తరలింపు: ధర ముందే రాయించుకుంటే అదనపు భారం ఉండదు

బోరబండ వంటి ఇరుకు వీధులున్న ప్రాంతాలలో ఇల్లు మారే కుటుంబాలకు తొలుత చెప్పిన కిరాయి కన్నా చివరికి చెల్లించే మొత్తం పెరిగే అవకాశమున్నది. లారీ ఇంటివరకు రాకుంటే ట్రాలీ ఆటోకు, లిఫ్టు లేకుంటే పై అంతస్తుల హమాలీకి వేరుగా సొమ్ము కోరవచ్చు. సామాను వాహనమెక్కిన తరువాత బేరమాడే వీలుండదు. అందువలన వీధి వెడల్పు, అంతస్తు, సామాను జాబితా ముందే తెలిపి, ప్యాకింగ్, హమాలీ, టోల్, పన్నులతో సహా మొత్తం ధరను లిఖితపూర్వకంగా పొందాలి.

సరుకు రశీదు తప్పక తీసుకోవాలి. రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం, 2007 ప్రకారం సామాను పోయినా, దెబ్బతిన్నా దావాకు ముందు, బుకింగ్ తేదీ నుండి 180 రోజులలోగా రవాణాదారునికి లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు.