నీటి తొట్టిని ట్రాలీపై నిలుపు విధము

వేసవి దినములలో పనుల నిమిత్తము హైదరాబాదు పోయిన మన సభ్యులు అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో నీటి ట్యాంకరు లారీలను చూచియే యుందురు. విద్యార్థుల వసతిగృహములు, భోజనశాలలు, వైద్యశాలలు అచ్చట దట్టముగా నున్నవి. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు మొదలగు చెఱువులకు తోడుగా 2004లో కృష్ణాజలములు, 2015లో గోదావరీజలములు నగరమునకు వచ్చినను, బోరుబావులు ఎండు నెలలలో ట్యాంకరు లేనిదే అనేక భవనములకు గడచుట లేదు.

నగర జలమండలి పంపు సాధారణపు ట్యాంకరు 5,000 లీటర్లు పట్టును. లీటరు నీటి బరువు ఒక కిలోగ్రాము. అనగా ఆ లారీ 5 టన్నుల నీటిని మోయుచు, మెట్రో స్తంభముల నడుమ అడుగడుగునకు ఆగుచు, మలుపులు తిరుగుచు పోవుచున్నది. అయినను తొట్టి తన చోటు వదలదు. మన గ్రామములలో ట్రాలీపై నుంచిన 1,000 లీటర్ల ప్లాస్టిక్కు తొట్టి మాత్రము చక్రము గుంటలో పడినంతనే ప్రక్కకు జరుగుచున్నది. లారీపై తొట్టిని చట్రమునకు బోల్టులతో బిగింతురు. మనము త్రాటితో కట్టి సరిపుచ్చుకొనుచున్నాము. మామిడి, చీనీ మొక్కలకు నీరు తోలు రైతు సోదరులు తమ ప్రాణములను ఆ త్రాటికి అప్పగింపకుండుటకై ఈ సంగతులను వ్రాయుచున్నాము.

నీటి స్వభావము

నీరు బస్తావలె ఒకచోట నిలుచునది కాదు. బండి ఆగినను నీరు ఆగక ముందునకు పోయి తొట్టిగోడను కొట్టును. మలుపులో వెలుపలి ప్రక్కకు ఎక్కును. నిండుకుండ తొణకదను సామెత ఇచ్చట అక్షరాల నిజము. సగము నిండిన తొట్టిలో నీటికి పరుగెత్తుటకు చోటుండును గనుక, బరువు తగ్గినను అపాయము తగ్గదు. మంచి ట్యాంకరుల లోపల రంధ్రములు గల అడ్డురేకులు అమర్చి ఈ పరుగును విఱుగగొట్టుదురు. ఇంటి మేడపై నుంచుటకు చేసిన తొట్టిలో అట్టి రేకులుండవు.

ఐక్యరాజ్యసమితికి చెందిన సంస్థలు 2014లో ఆమోదించిన సరకుల బిగింపు నియమావళి ననుసరించి, రోడ్డుపై పోవు సరకును ముందువైపునకు దాని బరువులో పదింట ఎనిమిది పాళ్ల నెట్టుడునకు, ప్రక్కలకును వెనుకకును సగము పాలు నెట్టుడునకు ఆగునట్లు బిగింపవలెను. ఈ లెక్కను 1,000 లీటర్ల తొట్టి ముందునకు 8 క్వింటాళ్ల బలముతో నెట్టును. ఆ ముందున కూర్చుండువాడు ట్రాక్టరు నడుపు మనిషియే యని మఱువరాదు.

పీఠము

ప్లాస్టిక్కు తొట్టి అడుగంతయు సమముగా ఆనవలెను. రెండు దూలములపై నుంచినచో నడుమ భాగము క్రుంగి పగులును. ట్రాలీ నేలపై ఱాళ్లు, మట్టిగడ్డలు ఊడ్చి, వంగిన రేకుపై మందపు పలకలు పఱచి, వానిపై పాత రబ్బరు పట్టా వేయవలెను. తడిసిన ఇనుపరేకుపై ప్లాస్టిక్కు జారును, రబ్బరు జారనీయదు.

అడ్డుకట్ట

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. జారుటను ఆపవలసినది త్రాడు కాదు, అడ్డుకట్ట. తొట్టి చుట్టును ఇనుప యాంగ్లారుతో చట్రము చేయించి, ట్రాలీ క్రింది దూలములకు బోల్టులతో బిగింపవలెను. చట్రమునకును తొట్టికిని నడుమ సందు ఉండరాదు. సందున్నచో తొట్టి దెబ్బ వేయుటకు చోటు దొరకును. ఎత్తైన తొట్టి తలక్రిందులగును గనుక, దాని నడుమెత్తున మఱియొక పట్టీ అవసరము. పొట్టిగా అడ్డముగా నుండు తొట్టి దొరకినచో దానినే కొనుట మేలు.

త్రాళ్లు

తొట్టి పైకి లేవకుండుటకు త్రాడు కావలెను. కొబ్బరిత్రాడు తడిసినపుడు బిగిసి, ఎండినపుడు వదులగును. నైలాను త్రాడు బరువునకు సాగును. ప్లాస్టిక్కు త్రాడు ఎండకు పెళుసగును. లారీవారు వాడు వెడల్పు బెల్టులు శ్రేష్ఠము. వానిని ట్రాలీ తలుపు కొక్కెములకు గాక, చట్రమునకు అతికించిన కడియములకు కట్టవలెను. నీరు నింపి కిలోమీటరు దూరము పోవుసరికి తొట్టి సర్దుకొనును. అచ్చట ఆగి మరల బిగింపవలెను.

అమెరికా దేశమున పడకలు, వంటగది గల యాత్రాబండ్లను కారు వెనుక కట్టి తీసికొనిపోవుదురు. వాని నేల క్రింద 150 లీటర్ల తొట్టిని సన్నని ఇనుపపట్టీలతో వ్రేలాడదీసిన చోట్ల, త్రుప్పువలనను రోడ్డు కుదుపులవలనను పట్టీలు వంగి తొట్టి జాఱిపోవుట కలదు. కావున మన చట్రమునకు ఏటేట రంగు వేసి, బోల్టులను ప్రతి ప్రయాణమునకు ముందు చూచుకొనవలెను.

ఇరుసు, బరువు

ఎద్దుబండిలో బరువు వెనుకబడిన కాడి పైకి లేచుననియు, మితిమీఱి ముందుపడిన ఎద్దుల మెడలు నొచ్చుననియు రైతులెఱుగుదురు. రెండు చక్రముల ట్రాలీకిని ఇదియే న్యాయము. తొట్టిని ఇరుసునకు కొంచెము ముందుగా నుంచవలెను. వెనుక నుంచినచో ట్రాక్టరు వెనుకచక్రములు తేలిక పడి పట్టు తప్పును.

వీలైనచో 1,000 లీటర్ల తొట్టి యొక్కటికి మాఱుగా 500 లీటర్లవి రెండు, ఒకదాని వెనుక ఒకటిగా బిగించుడు. మొదట వెనుకదానిని పూర్తిగా ఖాళీ చేసి, పిమ్మట ముందుదానిని విప్పుడు. ఇట్లు చేసిన ఏ వేళనైనను సగము నిండినది ఒకటే యుండును. ముందుబరువు కూడ నిలుచును. రోడ్డెక్కునపుడు తొట్లు నిండుగనో ఖాళీగనో యుండవలెను. తోటలో గట్లను ఏటవాలుగా గాక, నిట్టనిలువుగా, నడకవేగముతో దాటవలెను. ట్రాలీలో తొట్టి ప్రక్కను పిల్లలను, కూలీలను కూర్చుండబెట్టరాదు.

ఇనుప చట్రమునకగు ఖర్చు ఒక్క రైతునకు భారముగా తోచవచ్చును. ట్రాలీలు చాలవఱకు ఒకే కొలతలో నున్న గ్రామములలో సంఘము పక్షమున ఒకటి రెండు చట్రములు చేయించి, స్వల్పమైన అద్దెకు వంతులవారిగా ఇచ్చుట సులభము. వేసవి రాకముందే రాబోవు సమావేశములో సభ్యులు ఈ సంగతిని చర్చించి తీర్మానింతురు గాక యని కోరుచున్నాము.