ఆగండి... ఆ స్విచ్ వేయకండి!

వరద నీరు వాకిట్లోంచి నాలుగు రోజుల్లో పోవచ్చు. గోడలోని సాకెట్‌లోంచి, ఫ్రిజ్ అడుగు నుంచి మాత్రం అంత తొందరగా పోదు. ఇల్లు కడిగేశాం కదా అని ప్లగ్గు పెట్టేస్తేనే అసలు ముప్పు!

ముందు కృష్ణ... వెనక బుడమేరు... నడుమ విజయవాడ భవానీపురం. వానాకాలం వచ్చిందంటే ఇక్కడివాళ్ల చూపంతా కృష్ణ మీదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎంత నీరుంది, ఎన్ని గేట్లు ఎత్తారు అన్నదే మాట. 2024 సెప్టెంబరు 1న మాత్రం నీళ్లు వెనక నుంచి వచ్చాయి. బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్‌తో పాటు భవానీపురం వైపున్న ఊర్మిళానగర్, జోజినగర్ మునిగిపోయాయి. ఆ మర్నాడు బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ఉరకలెత్తింది. అటు ఏరు, ఇటు నది!

నీరు తీశాక ఇళ్లముందు సామాన్లు ఎండకు చేరాయి. పరుపులు, పుస్తకాలు, బీరువాలు... వాటి పక్కనే తలుపులు బార్లా తెరుచుకున్న ఫ్రిజ్‌లు. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేల రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. కానీ ఆ డబ్బుతోనే మంచం కొనాలి, బియ్యం కొనాలి, పిల్లల పుస్తకాలు కొనాలి. అందులో ఫ్రిజ్ వంతు ఎంత? అందుకే ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న... ''ఏమండీ, ఓసారి ఆన్ చేసి చూద్దామా?''

ఆ 'ఓసారి' దగ్గరే ఆగాలి.

మునిగినంత మాత్రాన పోయినట్టేనా?

కాదు. ఫ్రిజ్‌కు గుండెకాయ కంప్రెసర్. వెనక కింది భాగంలో నల్లగా కుండలా ఉంటుంది. దాన్ని గాలి కూడా చొరకుండా వెల్డింగ్ చేసి మూసేస్తారు. కాబట్టి వరద నీరు సాధారణంగా దాని లోపలికి వెళ్లదు. దెబ్బతినేది దాని పక్కనే ఉండే చిన్న చిన్న భాగాలు. రిలే, ఓవర్‌లోడ్, వైర్ల అతుకులు, ఇన్వర్టర్ రకం ఫ్రిజ్‌లైతే సర్క్యూట్ బోర్డు. వీటిలో బురద చేరుతుంది. పైకి పొడిగా కనిపించినా ఆ బురదలో తడి దాగి ఉంటుంది. అలాంటి సమయంలో కరెంటు ఇస్తే బోర్డు కాలిపోతుంది. అప్పటిదాకా చిన్న రిపేరుతో పోయేది కాస్తా పెద్ద ఖర్చవుతుంది. లేదా కరెంటు ఫ్రిజ్ ఒంటికి పాకుతుంది. అప్పుడు ప్రమాదం ఫ్రిజ్‌కు కాదు... తలుపు తీసినవాళ్లకు!

మెకానిక్ వచ్చి ఆ భాగాలు విప్పి, కడిగి, ఆరబెట్టి, మెగ్గర్‌తో కొలవాలి. వైర్లలోంచి కరెంటు ఒంటికి కారుతోందో లేదో ఆ మీటరు చెబుతుంది. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఇంకా తడి ఉందనో, ఎక్కడో వైరు దెబ్బతిందనో అర్థం. ఆ ఫ్రిజ్‌కు ప్లగ్గు పెట్టకూడదు. ఇంకో మాట... ఈమధ్య వస్తున్న చాలా ఫ్రిజ్‌లలో ఆర్600ఎ అనే వాయువు ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, అంటే మంటలంటుకునే గ్యాస్. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఆ పేరుంటే, గొట్టాలకు వెల్డింగ్ చేసే పని తలుపులు మూసిన గదిలో పెట్టుకోకూడదు.

తప్పు ఫ్రిజ్‌దా... సాకెట్‌దా?

ఫ్రిజ్ నడవకపోతే అందరి అనుమానం ఫ్రిజ్ మీదకే పోతుంది. కానీ దొంగ గోడలో దాక్కుని ఉండొచ్చు. ఈ తిరకాసు భవానీపురానికే పరిమితం కాదు. అమెరికాలో మనవాళ్లు సెలవుల్లో కారు వెనక తగిలించుకుని వెళ్లే ట్రావెల్ ట్రైలర్లదీ ఇదే కథ. అదో చక్రాల ఇల్లు. వంటగది, పడక, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. కొన్నింట్లో ఫ్రిజ్ గ్యాస్‌తోనూ, కరెంటుతోనూ నడుస్తుంది. బండిని వాలుగా నిలిపితే ఆ రకం ఫ్రిజ్ సరిగ్గా చల్లబడదు. ఇక విడిదిలో ప్లగ్గు పెట్టాక ఫ్రిజ్ ఉలకదు, పలకదు. అయ్యో పోయిందనుకుని వెనక రేకు విప్పుతారు. తీరా చూస్తే ఎక్కడో బాత్రూమ్ పక్కనున్న సాకెట్ ట్రిప్ అయి ఉంటుంది. ఆ ఒక్క సాకెట్ వెనక వరుసగా మరికొన్ని ఉంటాయి. అది పడిపోతే అన్నీ పడిపోయినట్టే. దాని మీది మీట నొక్కగానే ఫ్రిజ్ లేచి కూర్చుంటుంది!

అది జీఎఫ్‌సీఐ సాకెట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ 1961లో రూపొందించిన పరికరం దానికి మూలం. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది కాపలా కాస్తుంది. దాదాపు 5 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, కట్ చేసేస్తుంది. మన ఇళ్లలో అదే పని చేసేది ఆర్‌సీసీబీ. ఇళ్లకు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. మీటరు పక్కన ఉండే ఎంసీబీ వేరు. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ!

లక్షణాన్ని బట్టి రోగం

ఎలక్ట్రీషియన్ ఇంటి వైరింగ్, మెకానిక్ ఫ్రిజ్ చూసి సరే అన్నాకే ఈ పరీక్షలు.

* ఫ్రిజ్‌లో బల్బు కూడా వెలగడం లేదా? దాని ప్లగ్గు తీసి అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. సెల్‌ఫోన్ ఛార్జర్‌తో మాత్రం తేల్చేయొద్దు. అది 100 వోల్టులున్నా పనిచేస్తుంది. ఫ్రిజ్‌కు 230 కావాలి.

* బల్బు వెలుగుతోంది, 'గుయ్' మని మూలిగి 'టక్' మని ఆగిపోతోందా? వోల్టేజీ తక్కువైనా కావచ్చు, రిలే పోయినా కావచ్చు. సన్నని తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపిస్తే అది తీసేయండి. ఆపాక కనీసం అయిదు నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. లోపల గ్యాస్ ఒత్తిడి సర్దుకోవాలి.

* ఫ్రిజ్ ప్లగ్గు పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతోందా? ప్లగ్గు తీసి చూడండి. నిలబడితే లోపం ఫ్రిజ్‌లో. అప్పుడూ పడిపోతే గోడ వైరింగ్‌లోనో, మరో వస్తువులోనో.

* కొన్ని గంటలు నడిచాక పడిపోతోందా? ఫ్రాస్ట్ ఫ్రీ రకాల్లో మంచు కరిగించే హీటరు అప్పుడప్పుడూ వెలుగుతుంది. దానికి తడి తగిలి ఉండొచ్చు.

ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కనెక్షన్ ఇప్పించుకునేవాళ్లున్నారు. కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేసి దొంగకు తలుపు తీయడం లాంటిదే అది!

పైనున్న పెద్ద కన్నం

త్రీపిన్ సాకెట్‌లో పైనుండే పెద్ద కన్నం ఎర్త్‌ది. ఫ్రిజ్ ఒంటికి కరెంటు పాకితే దాన్ని భూమిలోకి పంపేది అదే. పాత ఇళ్లలో ఆ కన్నం ఉంటుంది, వెనక తీగ ఉండదు. ఉన్నా ఎర్త్ గొయ్యి దగ్గర తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది. కొందరు ఇంకో ఘనకార్యం చేస్తారు. సాకెట్‌లోనే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న తీగ ముక్క కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ రేకంతా కరెంటే! తడి నేల, ఒట్టి కాళ్లు, మంచినీళ్ల సీసా కోసం చెయ్యి చాపిన పిల్లాడు... ఇక చెప్పాలా?

అందుకే ఇల్లు మునిగినప్పుడు క్రమం తప్పకూడదు. నీళ్లలో నిలబడి మెయిన్ జోలికి వెళ్లొద్దు. 1912కు ఫోన్ చేసి బయట నుంచే సరఫరా ఆపించాలి. నీరు తీశాక బోర్డులన్నీ విప్పించాలి. గోడల్లో పైపుల నీరు ఆరనివ్వాలి. మునిగిన సాకెట్లు, స్విచ్‌లు, ఎంసీబీలు కడిగి వాడొద్దు, మార్చేయాలి. ఎర్త్ పరీక్ష చేయించాలి. ఆర్‌సీసీబీ పెట్టించి, దాని మీది టెస్ట్ మీట నొక్కి చూడాలి. నొక్కగానే పడిపోతేనే అది పనిచేస్తున్నట్టు. ఫ్రిజ్ వంతు ఆ తర్వాతే.

లోపలి తిండి మీద మమకారం వద్దు. వరద నీరు తగిలిందేదైనా పారేయాల్సిందే. నీరు తగలకున్నా, కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే పాలు, వండిన కూరలు, మాంసం, చేపలు నమ్మకూడదు. తలుపు రబ్బరు మడతల్లో బురద పోయేదాకా సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాకే మూయాలి.

ఇదంతా చేయడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఫ్రిజ్ లేకుండా ఆ రోజులు గడుస్తాయి. కుండలో నీళ్లు, ఏ పూటకాపూట వంట... మన పెద్దవాళ్లు బతికిందంతా అలాగే కదా! చల్లటి నీళ్లు నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ తలుపు తీసే చెయ్యి చల్లగా ఉండాలి.