ఎక్స్‌పోసితో: స్పెయిను దేశపు ఒక ఇంటిపేరు



పెంటయ్య, పెంటమ్మ యను పేర్లు మన పల్లెలలో మీ రందఱు నెఱిగినవే. బిడ్డలు పుట్టి పోవుచున్న యింట మఱియొక శిశువు కలిగినప్పుడు ఆ శిశువును పెంటకుప్పపై నుంచి, మరల నెత్తి తెచ్చుకొని, ఆ పేరు పెట్టుట పూర్వాచారము. మృత్యువు కన్ను పడకుండుటకై తల్లి చేసిన చిన్న నటన యది. బిడ్డ బయట నుండునది క్షణకాలమే. తల్లి చేతులు ప్రక్కనే యుండును.

స్పెయిను దేశమున 'బయట పెట్టబడినవాడు' అను అర్థము గల పేరొకటి కలదు. అచ్చట నది నటన కాదు. బయట పెట్టిన తల్లి చాలవఱకు తిరిగి రాలేదు. ఆ పేరు ఎక్స్‌పోసితో. దాని కథ నేడు మీకు చెప్పదలచితిని.

ముందుగా ఆ దేశపు పేర్ల పద్ధతి తెలియవలయును. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. వారికి పెట్టిన పేరు ముందు. దాని వెనుక రెండింటి పేర్లు, ఒకటి తండ్రి వైపుది, రెండవది తల్లి వైపుది. ఆడుపిల్ల పెండ్లియైనను పుట్టింటి పేరు విడువదు. ఆ పేర్లలో ననేకము తండ్రి తాతలను చెప్పును. ఫెర్నాండెజ్ అనగా ఫెర్నాండో కుమారుడు. కొన్ని వృత్తిని చెప్పును. హెర్రెరో అనగా కమ్మరి. కాబట్టి పేరు విన్నంతనే మనిషి యెవరివాడో కొంత తెలియును. మఱి తల్లియు తండ్రియు నెవరో తెలియని శిశువునకు ఏ పేరు వ్రాయవలెను? బాప్తిస్మమిచ్చు మతగురువు తన పుస్తకములో నేదో యొకటి వ్రాయక తప్పదు గదా. ఆయన వ్రాసినది శిశువు వంశమును కాదు, శిశువునకు జరిగిన సంగతిని. లాటిను భాషలో ఎక్స్‌పోసితుస్ అనగా వెలుపల ఉంచబడినవాడు. అదియే స్పానిషులో ఎక్స్‌పోసితో ఆయెను.

అట్లు విడువబడిన పిల్లలకై ఆ దేశమున ధర్మశాలలు వెలసెను. టొలీడో నగరమున శాంతాక్రూజ్ ఆసుపత్రికి మూలపురుషుడు 1495లో మరణించిన మెండోజా యను మతాధిపతి. మాడ్రిడ్ నగరమున 1572 ప్రాంతమున నొక భక్తసమాజము ఈ పనికి పూనుకొనెను. ఆ శాలను జనులు ఇంక్లూసా యనిరి. నెదర్లాండు దేశపు ఎంకైజన్ అను ఊరినుండి ఒక సిపాయి తెచ్చిన మేరీమాత పటము అచ్చట నుండెననియు, ఆ ఊరిపేరు నోట తిరుగక ఇంక్లూసా యాయెననియు చెప్పుదురు.

ఇట్టి శాలల గోడలో నొక తిరుగుడు పెట్టె యుండెడిది. వీథివైపున దానిలో శిశువును పెట్టి, గంట మ్రోగించి, పెట్టెను త్రిప్పినచో శిశువు లోపలికి పోవును. లోపలివారికి బయటివారి ముఖము కనబడదు. పెండ్లి కాని కన్యలే కాదు. పాలు లేని తల్లులు, భార్య పోయిన కూలివాండ్రు, కఱవులో తిండి లేని దంపతులును రాత్రివేళ ఆ గంట మ్రోగించిరి. కొందఱు చిన్న కాగితముమీద శిశువు పేరు వ్రాసి బట్టకు కట్టెడివారు. కొందఱు పట్టురిబ్బనును రెండుగా కత్తిరించి, సగము శిశువు నొద్దను, సగము తమ యొద్దను ఉంచుకొనెడివారు. ఎప్పటికైనను వచ్చి తీసికొనిపోవుదుమను ఆశయే ఆ సగము రిబ్బను.

లోపలికి వచ్చిన శిశువుల గతి మాత్రము దుఃఖకరము. వందలకొలది బిడ్డలకు చాలినంతమంది దాదులు దొరకరు. ఒక్కొక్క దాది ఇద్దఱు ముగ్గురికి పాలీయవలసి వచ్చెడిది. అంటురోగము ప్రవేశించినచో ఆపువారు లేరు. పల్లెలలోని దాదుల కప్పగింపబడినవారు కొంత మేలు. కాని దాదుల జీతము సమయమునకు అందెడిది కాదు. బ్రదికినవారికంటె పోయినవారే హెచ్చుగా నున్న సంవత్సరములు పెక్కు. 1799లో మాడ్రిడ్ శాల నిర్వహణమును స్త్రీల సమాజమొకటి తన చేతికి తీసికొనెను.

బ్రదికి బయటపడినవారికి ఇంకొక కష్టము. పేరు అడిగిన ప్రతివాడును వాని జన్మమును కూడ అడిగినట్లే. పని యిచ్చువాడు సందేహించును. పిల్ల నిచ్చువాడు వెనుదీయును. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున నీ కుల మేమి యని కర్ణుని అడిగినప్పుడు ఆయన తల వంచిన ఘట్టము మనమెఱుగనిది కాదు. కర్ణునికి రాధేయుడను పేరైనను దక్కెను, పెంచిన తల్లి పేరది. ఎక్స్‌పోసితో పేరులో పెంచినవారును లేరు.

ఈ యన్యాయమును మాన్పుటకు నాలుగవ కార్లోసు రాజు 1794లో నొక శాసనము చేసెను. తలిదండ్రులెవరో తెలియని బిడ్డలను సక్రమ సంతానముగానే యెంచవలెననియు, వారిని జారజుడు మొదలగు మాటలతో నిందించినవాడు న్యాయస్థానమున తన మాటను వెనుకకు తీసికొని జుల్మానా చెల్లింపవలెననియు నందు విధించెను. బిడ్డ చేయని తప్పునకు బిడ్డను శిక్షింపరాదను ధర్మమది. శాసనము మంచిదే, కాని నాలుకలను కట్టుట శాసనమునకు సాధ్యము కాలేదు.

ఈ అనాథల ఋణమును లోకము మఱచిన సంగతి యొకటి కలదు. మనవారు అమ్మవారని భయపడిన మశూచి అమెరికా ఖండమును నాశనము చేయుచున్న కాలమున, టీకా రసమును సముద్రము దాటించుట యెట్లో తెలియకుండెను. ఎండిన రసము దారిలోనే చెడెడిది. 1803 నవంబరులో బాల్మిస్ అను వైద్యుడు లా కొరూన్యా రేవునుండి 22 మంది బాలురతో ఓడ యెక్కెను. వారిలో పెక్కురు అనాథశాలల పిల్లలు. ఇద్దఱికి టీకా వేసి, తొమ్మిది పది దినములలో పొక్కు పండగానే ఆ రసమును మఱి యిద్దఱి చేతులకు ఎక్కించుచు, దీపమునుండి దీపము వెలిగించినట్లు అమెరికా చేర్చిరి. వారిని కనిపెట్టినది ఇసబెల్ జెండాల్ అను ఆమె. అనాథశాలను నడిపిన స్త్రీ. మఱికొందఱు మెక్సికో బాలురు దానిని 1805లో ఫిలిప్పీను దీవులకు చేర్చిరి. 1980లో మశూచి లోకమునుండి తొలగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. ఆ విజయమున, ఎవరికిని అక్కఱలేదని బయట పెట్టబడిన బిడ్డల చేతులును ఉన్నవి.

కాలక్రమమున ఈ పేరు కొడుకులకు, మనుమలకు దిగి, నిజమైన యింటిపేరాయెను. తలిదండ్రులు గలవారికిని అది సంక్రమించెను. స్పెయినులో, ముఖ్యముగా దక్షిణపు అండలూసియాలో, నేడును వేలకొలది కుటుంబములకు ఇదే పేరు. ఇటలీలో దీని తోబుట్టువు ఎస్పొజితో. నేపుల్సు ప్రాంతమున నది మిక్కిలి వ్యాప్తిగల పేరు. కాటలోనియాలో కొందఱు మఱింత దయ గలిగి దెవులోఫెవ్ అని పెట్టిరి. 'దేవుడు చేసినవాడు' అని దాని యర్థము.

1921లో స్పెయిను ప్రభుత్వము, ఈ పేరు వలదనువారు దానిని సులభముగా మార్చుకొనవచ్చునని చట్టము చేసెను. 1958 నాటి నిబంధనలు ఇకమీదట ఏ శిశువునకును అధికారులు ఈ పేరు పెట్టరాదని నిషేధించెను. అయినను అనేకులు మార్చుకొనలేదు. ఏల?

దీనికి అర్జెంటీనా దేశపు కుటుంబమొకటి సమాధానము చెప్పుచున్నదని నాకు తోచును. బ్యూనస్ ఐరిస్ నగరమున 1779లో అనాథశాల వెలసెను. మరుసటి సంవత్సరము దానికి అచ్చుకూటము నొకదానిని అమర్చి, దాని రాబడితో పిల్లలను పోషించిరి. అట్టి శాలలో పెరిగిన యొక మనిషి ఎక్స్‌పోసితో పేరును దాచుకొనక, తన కుమారులకు హోమర్, వర్జిల్ అను మహాకవుల పేర్లు పెట్టెను. ఆ ఓమేరో (1918-1987) పాటలు వ్రాసెను. తమ్ముడు విర్జీలియో (1924-1997) వానికి స్వరములు కట్టెను. వారి టాంగో పాటలను ఆ దేశము నేటికిని పాడుకొనుచున్నది.

పేరు పెట్టునది లోకము. దానికి అర్థము చెప్పునది దానిని మోసినవాడు. గోడ పెట్టెలో పెట్టబడిన శిశువునకు లోకము బయటివాడని పేరిచ్చెను. ఆ శిశువు పెరిగి, ఇల్లు కట్టి, బిడ్డలను కని, ఆ పేరునే ఇంటిపేరుగా చేసికొనెను. ఇంటి బయట పుట్టిన పేరు ఇంటిలో దీపమాయెను. మీ యూళ్లలో తండ్రి పేరు చెప్పుకొనలేని బిడ్డ యెవడైన నున్నచో, బడిలో వాని పేరు వ్రాయించునాడు ఈ కథను ఒక్కసారి తలచుకొనుడని నా మనవి.