2035: ఒక పత్రికా కథనం శాస్త్ర నివేదికలోకి ఎలా చేరింది?

హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి, లేదా అంతకు ముందే, కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువ. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నాటి నాలుగో మదింపు నివేదికలో చెప్పిన మాట ఇది. గంగ, సింధు, బ్రహ్మపుత్ర నదులపై ఆధారపడ్డ కోట్లాది మందికి ఇది చిన్న విషయం కాదు.

అయితే దీనికి ఆధారంగా చూపింది పరిశోధన పత్రాన్ని కాదు, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ 2005లో వెలువరించిన నివేదికను. ఆ నివేదికకు ఆధారం 1999లో ‘న్యూ సైంటిస్ట్’ పత్రికలో వచ్చిన వార్తా కథనం. ఆ కథనానికి మూలం ఒక శాస్త్రవేత్త విలేకరితో చెప్పిన మాట. నిపుణుల సమీక్షకు నోచుకోని అంచనా ఇలా మెట్టు మెట్టుగా ఎక్కి శాస్త్ర సత్యంగా చలామణీ అయింది.

పొరపాటు పట్టుకునే వీలు ఆ నివేదికలోనే ఉంది. హిమాలయ హిమానీనదాల విస్తీర్ణం దాదాపు 30 లక్షల హెక్టార్లు, అంటే 30 వేల చదరపు కిలోమీటర్లు అని ఒకచోట ఉంది. అదే భాగంలో ఆ విస్తీర్ణం 5 లక్షల నుంచి లక్ష చదరపు కిలోమీటర్లకు తగ్గుతుందని రాశారు. 1996 నాటి ఒక యునెస్కో ప్రచురణలో ధ్రువప్రాంతాల వెలుపలి హిమానీనదాలన్నిటి గురించి ఇవే అంకెలు ఉన్నాయి. కానీ అక్కడి గడువు 2350. చివరకు 2010 జనవరి 20న ఐపీసీసీ విచారం వ్యక్తం చేసింది. హిమానీనదాలు తరుగుతున్న మాట నిజమే. నిలబడనిది ఆ గడువు.

మరి పరిశోధనలో పత్రికలను ఉదహరించకూడదా? ఉదహరించవచ్చు. ఫలానా రోజున వరద వచ్చిందనడానికి, ఒక విషయంపై ప్రజల్లో చర్చ జరిగిందనడానికి పత్రికే తొలి సాక్ష్యం కావచ్చు. తీవ్ర వాతావరణ ఘటనల్లో ప్రాణనష్టం వివరాలకు భారత వాతావరణ శాఖ కూడా మీడియా వార్తలను వాడుకుంటుంది. కానీ ‘ఒక అధ్యయనం ప్రకారం’ అని పత్రిక రాస్తే, ఆ అధ్యయనాన్నే వెతికి చదివి ఉదహరించాలి.

పత్రికను పేర్కొనేటప్పుడు రచయిత, శీర్షిక, పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఇవ్వాలి. తెలుగు దినపత్రికలకు జిల్లాకో ఎడిషన్ ఉంటుంది కాబట్టి ఎడిషన్ పేరు కూడా రాయాలి. లేకపోతే అదే తేదీ పత్రిక తెరిచినా ఆ వార్త దొరక్కపోవచ్చు. వెబ్‌లో చదివితే లింకుతో పాటు చూసిన తేదీ కూడా నమోదు చేయాలి. ఆ కథనం తర్వాత మారిపోవచ్చు. చదివేవారు మూలం దాకా వెళ్లి సరిచూసుకోగలగడమే ఉదహరింపు అసలు ప్రయోజనం.