గ్రాఫిక్స్ కార్డు కొనేముందు మీ కంప్యూటర్‌నే అడగండి

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ముగిశాక, వీడియోలు తీసే కుర్రోళ్లకి అసలు పని మొదలవుద్ది. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటిన వీడియో ఆ రాత్రికే ఫోన్లలోకి వచ్చేయాలి. ఊళ్లో ఉన్నోళ్లే కాదు, కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్న మనోళ్లు కూడా దానికోసం చూస్తుంటారు. రెండు రోజులాగి పెడితే ఎవరిక్కావాలండి? పెళ్లి వీడియోలకీ అంతే. చెప్పిన రోజుకి ఇవ్వకపోతే మళ్లీ పిలుపు రాదు.

అందుకే సిస్టమ్ మొరాయించగానే మనోళ్లు అప్పో సప్పో చేసి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనేత్తన్నారు. చాలామందికి అది ఆఖర్న కొనాల్సిన సామాను అంటాను నేను.

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి ఆడుతుంటే ఒక జబ్బు, ఎక్స్‌పోర్టుకి గంటలు పడుతుంటే ఇంకో జబ్బు. పని నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటాది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీకెళ్తే ప్రాసెసర్, మెమరీ, డిస్క్, జీపీయూ ఎంతెంత పనిలో ఉన్నాయో కనబడుద్ది. ఏది నూటికి నూరు దగ్గర కూర్చుందో, బండి అక్కడ ఆగినట్టు.

ఎక్కువగా పట్టుబడేది డిస్కే. సెకనుకి 100 మెగాబిట్ల రేటుతో తీసిన 4కె వీడియో గంటకి 45 జీబీ అవుద్ది. రెండు కెమెరాలతో మూడేసి గంటలు పెళ్లి తీస్తే 270 జీబీ. పాత హార్డ్ డిస్క్ ఒక్క ఫైలుని వరసగా బాగానే చదువుద్ది. రెండు కెమెరాల ఫైళ్లు, పాటలు, విండోస్ అన్నీ ఒక్కసారే అడిగితే మాత్రం, ఒక్కో కాయకి ఒక్కో చెట్టెక్కి దిగాల్సొచ్చిన దింపు మనిషిలాగ అలిసిపోద్ది. ఎస్‌ఎస్‌డీలో అలా కదిలేదేమీ ఉండదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీయే సెకనుకి 500 ఎంబీ దాకా చదువుద్ది. విండోస్, చేతిలో ఉన్న ప్రాజెక్టు అందులో పెట్టుకుని, అయిపోయిన పనులు దాచడానికి పాత డిస్కు ఉంచుకోండి.

మెమరీ నిండిపోతుంటే 8 జీబీని 16 చెయ్యండి. మీ బోర్డుకి డీడీఆర్3 పడుద్దో, డీడీఆర్4 పడుద్దో చూసుకునే కొనండి. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.

ప్రాసెసర్ ఆయాసపడుతుంటే పైసా ఖర్చు లేని మందు ప్రాక్సీ. పెద్ద వీడియోలకి చిన్న సైజు నకళ్లు తయారుచేసి, వాటి మీద కోతలన్నీ చేసుకుంటారు. ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లనే తీసుకుంటాది. ప్రీమియర్‌లో, డావిన్సీ రిజాల్వ్‌లో, ఉచితంగా దొరికే కెడెన్‌లైవ్‌లో కూడా ఈ సదుపాయం ఉంది.

ఎక్స్‌పోర్టు ఆలస్యమైతే సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్ 2011లోనే క్విక్ సింక్ తెచ్చింది, ఎన్విడియా 2012లో ఎన్‌వెంక్ తెచ్చింది. అంటే మీ పాత సిస్టమ్‌లోనే ఆ పనిముట్టు వాడకుండా పడి ఉండొచ్చు.

కార్డు వద్దనడం లేదు. రిజాల్వ్‌లో రంగులు దిద్దడం, చీకట్లో తీసిన వీడియోలో నాయిస్ తియ్యడం లాంటి పనులు జీపీయూ మీదే పడతాయి. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో జీపీయూ నిండుగా కనబడితే కార్డు కొనండి. కొనేముందు మీ ఎస్‌ఎంపీఎస్ ఆ వాట్లు మోయగలదో లేదో కనుక్కోండి.

మన కోనసీమకి ఇంకో రెండు మాటలు. ఇక్కడి చెమ్మకి దుమ్ము ఫ్యాన్లకి అతుక్కుపోద్ది. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటాది. ప్లగ్గు పీకేసి అప్పుడప్పుడు బ్రష్‌తో దులపండి. యూపీఎస్ మాత్రం తప్పనిసరి. తొంభై శాతం అయిన రెండర్, కరెంటు ఒక్క క్షణం పోతే మళ్లీ మొదటికొచ్చేస్తాది.

షాపుకెళ్లినప్పుడు "గేమింగ్ సిస్టమ్ తీసుకోండి" అంటే టాస్క్ మేనేజర్ ఫొటో చూపించండి. "ఇదండీ నా జబ్బు, దీనికి సరిపడా మందివ్వండి" అని అడగండి. అప్పు చేసిన డబ్బుకి ఆ మాత్రం లెక్క ఉండాలి కదండీ.